ముందు బండిని బండిగా నిలబెట్టు

అల్లుడూ,

పాత జిప్సీ కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ గొంతులో సంతోషం ఎంత ఉందో బెంగ కూడా అంతే ఉంది. నువ్వు పంపిన ఫొటోలు చూశాక నాకు మాత్రం సంతోషమే ఎక్కువైంది. 2003 మోడల్, ఎంపీఎఫ్ఐ ఇంజను, సాఫ్ట్‌టాప్. మంచి బండినే ఎంచుకున్నావు. అయితే ఆ ఫొటోల కింద నువ్వు రాసిన జాబితా చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నాలుగు అంగుళాల లిఫ్టు, 235 టైర్లు, ముందు ఇనప బంపరు, వించి, పైన క్యారియరు, స్నార్కెలు, ఆరు లైట్లు. అవన్నీ బిగించి ఈ వానాకాలమే మారేడుమిల్లి అడవి దారులకు వెళ్దామని నీ ఆలోచన.

నేను చెప్పేది ఒక్కటే. ఇరవై ఏళ్లు దాటిన బండికి కొత్తగా ఏదైనా తగిలించే ముందు, అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో ఆ స్థితికి తీసుకురా. ఆ తర్వాత కూడా ఎంత తక్కువ తగిలిస్తే అంత మంచిది. ఏజెన్సీ రోడ్ల మీద జీపులు, జిప్సీలు నడిపినవాణ్ని, షెడ్డుల్లో మేస్త్రీల పక్కన కూర్చుని వాటిని విప్పించి బిగించుకున్నవాణ్ని. కొండ మీద ఆగిపోయిన బండ్లు చాలా చూశాను. వాటిలో లిఫ్టు లేక ఆగినవి అరుదు. సీలు పోయి, షాఫ్టు క్రాసు విరిగి, పైపు పగిలి, బెల్టు తెగి ఆగినవే ఎక్కువ.

నీ చేతికొచ్చిన బండి సంగతి ముందు తెలుసుకో. 1985 డిసెంబరులో మారుతి జిప్సీ మార్కెట్లోకి వచ్చినప్పుడు దానిది 970 సీసీ ఇంజను, 45 హార్స్‌పవర్. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో దానికే 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ పెట్టి 80 హార్స్‌పవర్‌కి తెచ్చారు. 2019 నాటికి మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. ఇన్నాళ్లూ సైన్యం, పోలీసులు, అటవీ శాఖవాళ్లు, హిమాలయాల ర్యాలీల్లో పోటీపడేవాళ్లు దీన్ని నమ్ముకున్నారంటే ఇంజను బలం చూసి కాదు. దీని తేలిక చూసి. సాఫ్ట్‌టాప్ జిప్సీ బరువు 985 కిలోలు, అంటే టన్ను కూడా లేదు. నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిల్ హౌసింగులు, నాలుగు మూలలా కమాన్ పట్టీలు. బరువైన బండ్లు కూరుకుపోయే చోట ఇది పైపైన దాటిపోతుంది. దిగబడినా నలుగురు మనుషులు భుజం పెడితే బయటికొస్తుంది. నీ జాబితాలో ఉన్నవన్నీ తగిలిస్తే ఈ గుణమే ముందుగా పోతుంది.

ఇక పనిలోకి వద్దాం. మొట్టమొదట తుప్పు చూడు. ఇంజను పోతే ఇంకో ఇంజను దొరుకుతుంది. ఛాసిస్ పోతే బండి పోయినట్టే. పగటి వెలుతురులో, ర్యాంపు మీదికి ఎక్కించి, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు పట్టుకుని కిందకు దూరు. ఛాసిస్ పొడుగునా తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. వెనక కమాన్ పట్టీల షాకిళ్లు బిగించే చోట, బాడీని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంటింగుల దగ్గర, క్రాస్ మెంబర్ల మూలల్లో బురద చేరి ఏళ్లతరబడి తడి ఆరదు. తుప్పు అక్కడే మొదలవుతుంది. పైన మ్యాట్లు ఎత్తేసి నేల రేకు చూడు. అద్దం కింది రేకు చూడు. బండి కింద కొత్తగా నల్ల రంగు కొట్టించి ఉంటే ఇంకా ఎక్కువ జాగ్రత్తగా చూడు. అమ్మేముందు కొట్టించిన ఆ రంగు కిందే చాలాసార్లు రంధ్రాలుంటాయి. ఛాసిస్‌కి అతుకులు వెయ్యాల్సి వస్తే, తుప్పు పట్టిన ఇనుమంతా కోసేసి మంచి ఇనుము తగిలేదాకా వెళ్లి, లోపల కూడా రక్షణ పూత పడేలా చేసే మేస్త్రీ దగ్గరే చేయించు. తుప్పు మీదే పట్టీ వేసి వెల్డింగు కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకు.

అదే రోజు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోల్చుకో. సైన్యం వేలంలో అమ్మిన జిప్సీలు మన ఊళ్లలో చాలా తిరుగుతున్నాయి. వాటిలో ఒకదాని ఇంజను ఇంకోదానికి ఎక్కినవీ ఉంటాయి. కాగితం తేడా ఉన్న బండికి ఎంత ఖర్చుపెట్టినా అది నీది కాదు.

తర్వాత నూనెలు. ఇంజనులో, గేర్‌బాక్సులో, ట్రాన్స్‌ఫర్ కేసులో, ముందు వెనక డిఫరెన్షియళ్లలో, మొత్తం ఐదు చోట్లా ఉన్న ఆయిలంతా దింపించెయ్. పాత యజమాని మొన్ననే మార్పించాడన్న మాట నమ్మకు. ఇక్కడొక చిన్న కిటుకు గుర్తుపెట్టుకో. కింది డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకోకముందే పైనున్న ఫిల్లర్ ప్లగ్గు విప్పి చూడాలి. పాత బండ్లలో ఇవి బిగుసుకుపోయి ఉంటాయి. కింద విప్పి ఆయిలంతా దింపేశాక పైది రాకపోతే బండి అక్కడే కదలకుండా ఉండిపోతుంది. దింపిన ఆయిల్‌ని చూడకుండా పారబోయనీకు. శుభ్రమైన పళ్లెంలో పట్టించు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. మ్యాగ్నెట్ ముక్కకు సన్నని పొడి అంటితే ఆ వయసుకి మామూలే. పెచ్చులు, పళ్ల ముక్కలు అంటితే ఆ డిఫరెన్షియల్ విప్పాల్సిందే. గ్రేడు విషయంలో షాపువాడి మాట కాదు, బండి మాన్యువల్ మాట విను. డిఫరెన్షియల్‌లో పొయ్యాల్సిన ఆయిల్ గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులకు పడకపోవచ్చు.

జిప్సీలో అసలు చూసుకోవాల్సిన భాగం ముందు చక్రాల వెనకాల ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం ఒక గుండ్రటి ఇనప బంతి మీద తిరుగుతుంది. దాని పైనా కిందా కింగ్ పిన్ బేరింగులుంటాయి. లోపల గ్రీజు, ఆ గ్రీజు బయటికి పోకుండా, బురద లోపలికి రాకుండా చుట్టూ ఒక సీలు. ఆ బంతి మీద చెయ్యి పెట్టి చూడు. పల్చని గ్రీజు పొరలా ఉంటే ఫర్వాలేదు. చక్రం లోపలి వైపు నల్లగా, పల్చగా ఆయిల్ కారుతుంటే హౌసింగు చివర ఉండే లోపలి సీలు పోయిందని అర్థం. డిఫరెన్షియల్ ఆయిల్ బయటికొచ్చి గ్రీజుతో కలిసి కారిపోతోంది. ఇంకొన్ని రోజులకు డిఫరెన్షియల్ ఎండిపోతుంది. సీలు ఖరీదు తక్కువే. విప్పే పనే ఎక్కువ. అందుకే మేస్త్రీలు వాయిదా వేస్తారు. నువ్వు వెయ్యనివ్వకు. విప్పినప్పుడే కింగ్ పిన్ బేరింగులు కూడా మార్పించి, కింద పెట్టే పల్చటి రేకుల మందం చూసి సరైన బిగువుకి తెప్పించు.

రేపు నువ్వు హైవే ఎక్కినప్పుడు, యాభై అరవై వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగు చేతుల్లోంచి ఊడిపోయేలా ఊగుతుంది చూడు, ఆ రోగానికి మూలం సగం ఇక్కడే ఉంటుంది. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపు. ఆడుతుంటే ఇంకొకర్ని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేకు తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగు వదులు. తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్ వదులు. దాంతోపాటు టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు, కమాన్ పట్టీల బుష్‌లు, చక్రాల బ్యాలెన్సింగు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. చాలాచోట్ల ముందుగా స్టీరింగ్ డ్యాంపర్ అమ్ముతారు. అది పెట్టగానే ఊపు తగ్గుతుంది. వదులు మాత్రం అలాగే ఉండి, లోలోపల పెరుగుతూ ఉంటుంది. డ్యాంపర్‌ని అన్నీ సరిచేశాక ఆఖరున పెట్టించుకో.

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు. విడిగా, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి దానికి ఒక చిన్న షాఫ్టు, అక్కణ్నుంచి ముందుకొకటి వెనక్కొకటి. అంటే మూడు ప్రొపెల్లర్ షాఫ్టులు, వాటికి ఆరు క్రాసులు. మౌంటింగు రబ్బరు చచ్చిపోతే కేసు ఊగుతుంది, క్రాసులు త్వరగా అరుగుతాయి. బండి నిలబెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి షాఫ్టులను చేత్తో తిప్పి చూడు. టక్కుమని ఆడితే క్రాసు మార్చు. షాఫ్టు విప్పేముందు సుద్దతో గుర్తు పెట్టుకోమని కుర్రాడికి చెప్పు. రెండు చివరలూ ఒకే వరసలో లేకుండా బిగిస్తే బండి అంతా అదురుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. గ్రీజు నిపిల్స్ ఉన్న చోటల్లా గ్రీజు కొట్టించు. బురదలోకి దిగి వచ్చిన ప్రతిసారీ కొట్టించు.

రబ్బరు వస్తువుల విషయంలో పొదుపు చూడకు. బ్రేకు హోసులు, పెట్రోలు పైపులు, రేడియేటర్ హోసులు, టైమింగ్ బెల్టు, ఫ్యాన్ బెల్టు ఏ కిలోమీటర్ల లెక్కా అడక్కుండా మార్పించేసెయ్. ఇరవై ఏళ్ల రబ్బరు తిరిగినా ముసలిదే, తిరక్కున్నా ముసలిదే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. నీ బండి తయారైన రోజుల్లో రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. పెట్రోలు వాసన వచ్చిందంటే ఆ రోజు బండి తియ్యకు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పాత పెట్రోలు ఉంచి వదిలెయ్యకు.

ఇంకో మాట. హైదరాబాద్ ఎండకు ఇదెందుకని కొందరు మేస్త్రీలు థర్మోస్టాట్ తీసి పక్కన పడేస్తారు. నీ బండిలో ఉందో లేదో అడిగి తెలుసుకో. అది లేకపోతే ఇంజను కావలసిన వేడికి చేరదు. ఇంకా చల్లగానే ఉందనుకుని ఎంపీఎఫ్ఐ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. వేడెక్కే జబ్బుంటే రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించాలి, ఉత్త నీళ్లు మాని కూలెంట్ పొయ్యాలి, ఫ్యాను చూడాలి. థర్మోస్టాట్ తీసెయ్యడం మందు కాదు.

ఇదంతా అయ్యాక మూడు నాలుగు నెలలు బండిని మామూలుగా నడుపు. ఆఫీసుకి వెళ్లు, ఊరికి రా, మట్టి రోడ్లు ఎక్కు. ఎక్కడ కారుతోంది, ఎక్కడ కీచుమంటోంది, ఏ గేరులో ఏ పలుకు వస్తోంది, ఆ నెలల్లో అదే నీకు చెబుతుంది.

ఫోర్ వీల్ లీవరు సంగతి కూడా ఇప్పుడే తెలుసుకో. జిప్సీలో ముందు వెనక హౌసింగుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలోనైతే చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ ఒత్తిడంతా షాఫ్టులు, గేర్లు మోస్తాయి, లీవరు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే లాగి పీకకు. నాలుగడుగులు నేరుగా వెనక్కి పోనిస్తే వదులుతుంది. వాన పడి తారు తడిసిందన్న మాత్రాన ఫోర్ వీల్ వెయ్యకు. మట్టి, ఇసుక, బురద, జారే రాయి, వీటి మీదే వెయ్యి. కూరుకుపోయాక కాదు, కూరుకుపోయే చోటికి చేరకముందే వెయ్యి.

ఇప్పుడు నీ జాబితాకి వస్తాను. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే మొదటి మార్పు నీ జాబితాలో లేనేలేదు. డిఫరెన్షియల్ హౌసింగుల మీద ఊపిరి గొట్టాలుంటాయి. బండి నడిచి వేడెక్కిన హౌసింగు వాగు నీళ్లలో దిగగానే చల్లారుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆ గొట్టాలకు మంచి హోసు తగిలించి ఇంజను గది పైభాగం దాకా తీసుకెళ్లి కట్టించు. చిన్న ఖర్చు, అరపూట పని. డిఫరెన్షియల్ ఆయుష్షు పెంచే పని ఇంతకంటే చవగ్గా ఇంకోటి లేదు.

రెండోది టైర్లు. ఇక్కడ కాసేపు లెక్క చూద్దాం. కంపెనీ ఇచ్చే 205/70 ఆర్ 15 టైరు ఎత్తు దాదాపు 668 మిల్లీమీటర్లు. నువ్వు అడుగుతున్న 235/75 ఆర్ 15 ఎత్తు దాదాపు 733. తేడా 65. హౌసింగు కింద నీకు దొరికేది అందులో సగమే, అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. దానికి నువ్వు చెల్లించేదేమిటో చూడు. చక్రం దాదాపు పది శాతం పెద్దదవుతుంది కాబట్టి ప్రతి గేరూ పది శాతం పొడవవుతుంది. మీటరు 60 చూపిస్తే నువ్వు 66లో పోతుంటావు. జిప్సీ కింగ్ ట్రాన్స్‌ఫర్ కేసులో హై నిష్పత్తి 1.409, లో నిష్పత్తి 2.268. రెంటికీ తేడా 1.6 రెట్లే. పాత జీపుల్లో ఉండే లో కంటే ఇది అసలే తక్కువ. దాంట్లోంచి ఇంకో పది శాతం పోగొట్టుకుంటే, రాళ్ల మీద నత్తనడకన పాకాల్సిన చోట బండి పరిగెత్తబోతుంది, నువ్వు క్లచ్చి కాలుస్తావు. దిగుడులో ఇంజను పట్టు తగ్గి బ్రేకుల మీద భారం పడుతుంది. తర్వాత ఆ లోటు తీర్చడానికి గేర్లు మార్పించాలంటారు. మంచి ఆల్ టెరైన్ టైర్లు 215/75 ఆర్ 15 వేయించుకో. దాదాపు 703 మిల్లీమీటర్ల ఎత్తు, బండికి మోయగలిగినంత. పెద్ద గుబ్బల మడ్ టైర్లు నల్లరేగడిలో ఆడేవాళ్లకు పనికొస్తాయి. నీ తిరుగుడులో పది వంతుల్లో తొమ్మిది వంతులు తారు రోడ్డే. తడి తారు మీద ఆ టైర్లకు పట్టు తక్కువ, మోత ఎక్కువ.

టైరు కంటే ఎక్కువ పని చేసేది అందులోని గాలి. ఇసుకలో, మెత్తటి బురదలో పదిహేను పద్దెనిమిది పౌండ్లకు దింపితే టైరు పొడవుగా పరుచుకుని, అంతకుముందు దిగబడ్డ చోటే నడిచిపోతుంది. మరీ దించితే రిమ్ము నుంచి ఊడిపోతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకోవాలి, మరిచిపోయి వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకే నమ్మకమైన గేజి ఒకటి, చిన్న కంప్రెసర్ ఒకటి కొను. నీ ఆరు లైట్ల డబ్బులోంచి ఈ రెండూ వచ్చేస్తాయి.

లిఫ్టు విషయంలో నా మాట గట్టిగా పట్టుకో. నాలుగు అంగుళాలు వద్దే వద్దు. బండి లేచేకొద్దీ ప్రొపెల్లర్ షాఫ్టులు మరింత ఏటవాలుగా దిగి క్రాసులు తినేస్తాయి. బ్రేకు హోసులు చాలక, చక్రం గుంతలోకి జారినప్పుడు సాగి తెగే ప్రమాదం ఉంటుంది. డ్రాగ్ లింకు వాలు మారి గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. పొడుగు షాకిళ్లు వేస్తే ముందు హౌసింగు కోణం మారి, తిప్పిన స్టీరింగు తనంతట తాను తిరిగి రావడం మానేస్తుంది. వీటన్నిటికీ మందులున్నాయి, నిజమే. అయితే ఒక్కో మందుకీ ఇంకో ఖర్చు, ఇంకో అతుకు. వీటికి మించింది ఇంకోటుంది. జిప్సీ రెండు చక్రాల మధ్య వెడల్పు 1.3 మీటర్లే. ఇంత సన్నటి బండిని ఎత్తు పెంచి, పైన క్యారియరు మీద డబ్బాలూ టెంటూ కట్టి, కొండ వాలులో అడ్డంగా పోనిస్తే పక్కకి దొర్లడానికి ఎంతోసేపు పట్టదు. అలసిపోయి చదునైన కమాన్ పట్టీలను విప్పించి, పగిలిన ఆకులు మార్చి, కొత్త బుష్‌లు, మంచి షాక్ అబ్జార్బర్లు వేయిస్తే పోయిన ఎత్తు దానంతటదే తిరిగొస్తుంది. ఆ తర్వాతా చాలకపోతే రెండు అంగుళాల లోపు, సరైన పట్టీలతో, షాఫ్టు కోణాలు కొలిచే మేస్త్రీ దగ్గర చేయించు.

ఇనప బంపరు, వించి, క్యారియరు కలిస్తే ఇద్దరు మనుషుల బరువు దాటుతుంది. అందులో ఎక్కువ ముందు చక్రాల కంటే కూడా ముందు వేలాడుతుంది. ఆ కింగ్ పిన్లే, ఆ పట్టీలే మొయ్యాలి. పైగా చట్టం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వెయ్యవచ్చని చేర్చారు. ముందు బిగించే బుల్ బార్లను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఆ రోజు బండి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడాలి. ప్రమాదం జరిగితే బీమావాళ్లు ముందు వెతికేదీ ఈ మార్పులనే. బిగించేవాళ్లెవరూ ఈ సంగతి నీకు చెప్పరు.

వించి లేకపోతే దిగబడినప్పుడెలా అంటావు. ఒంటరిగా వెళ్లకు. రెండు బండ్లుంటే మంచి తాడే చాలు. ముందూ వెనకా ఛాసిస్‌కి గట్టి బోల్టులతో బిగించిన కొక్కేలు వేయించు. లాగే తాడుని బంపరుకి, కమాన్ పట్టీకి, హౌసింగుకి తగిలించనివ్వకు. బరువు సామర్థ్యం ముద్రించి ఉన్న షాకిళ్లే వాడు. తాడు బిగిసినప్పుడు దాని పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం లోపు ఎవరూ నిలబడకూడదు, పిల్లలు, ఫొటో తీసేవాళ్లతో సహా. తెగిన తాడు చివరనున్న ఇనప ముక్కకు మనిషి ప్రాణం లెక్కలోది కాదు. ఒక పార, రెండు చెక్కలు, విడి క్లచ్ కేబులు, ఫ్యాన్ బెల్టు, ఒక క్రాసు, ఫ్యూజులు, నీ బండికి సరిపడే పానాలు ఎప్పుడూ బండిలో ఉండనీ.

ఎదురెదురు మూలల చక్రాలు రెండు గాల్లోకి లేచి తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కకు. మామూలు డిఫరెన్షియల్ పట్టులేని చక్రానికే తిరుగుడు ఇస్తుంది. వేగంగా తిరుగుతున్న చక్రం హఠాత్తుగా రాయిని పట్టిందంటే విరిగేది యాక్సిలో, క్రాసో. కిందకు దిగి, గాల్లో ఉన్న చక్రం కింద రాళ్లు పేర్చు. పది నిమిషాల పని. డిఫరెన్షియల్ లాకుల గురించి రెండేళ్ల తర్వాత ఆలోచిద్దువుగాని.

అన్నిటికంటే నాకు భయం వాగుల గురించి. స్నార్కెలు అన్న మాట నీ జాబితాలో చూసినప్పటి నుంచీ అదే గుబులు. స్నార్కెలు ఇంజను పీల్చే గాలిని కాపాడుతుంది, అంతవరకే. బండిని నేల మీద నిలబెట్టదు. లెక్క వేసి చూడు. జిప్సీ పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు మీటరున్నర. నీళ్లు బండి నేలరేకుకి పైన పది సెంటీమీటర్లు లేచాయంటే దాదాపు అర టన్ను బరువుని పైకి ఎత్తుతాయి. నీ బండి మొత్తం బరువు టన్ను. అంటే రెండడుగుల లోతు దగ్గర, లోపలికి నీళ్లు చేరేలోపే, టైర్లకు నేల మీద పట్టు సగానికి పడిపోతుంది. అప్పుడు పారే నీరు పక్కనుంచి తోస్తే చాలు. తేలిక అని ఇందాక నేను మెచ్చుకున్న గుణమే వాగులో నీకు శత్రువు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు ఖమ్మంలో మున్నేరు, మహబూబాబాద్ వైపు ఆకేరు ఎలా పొంగాయో చూశావుగా. రోడ్డు కనిపిస్తోంది కదా అని చప్టా మీదికి దిగి కొట్టుకుపోయిన బండ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా ఉంటున్నాయి.

నిలిచిన నీరైతే ముందు నువ్వు కర్రతో దిగి నడిచి చూడు. మోకాలు దాటితే వద్దు. పారే నీరైతే, నడిచి దాటడానికి నీ కాళ్లు తడబడితే బండి కూడా నిలవదు. ఎర్రగా, చెత్త కొట్టుకొస్తూ ఉంటే ఎగువన వాన పడుతోందని అర్థం, వెనక్కి తిరుగు. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చెయ్యకు. సిలిండర్లో నీళ్లు చేరి ఉంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. బయటికి లాగించి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, నీళ్లు పోగొట్టాకే తిప్పాలి. దాటాక బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకో. ఇంటికొచ్చాక వెనక డ్రమ్ములు విప్పి బురద కడిగించు, అన్ని ఆయిళ్లూ తెల్లబడ్డాయేమో చూడు.

మారేడుమిల్లి గురించి కూడా ఒక మాట. ఆ చుట్టుపక్కల చాలా భాగం పాపికొండల జాతీయ వనం. నల్లమల వైపు వెళ్తే పులుల అభయారణ్యాలు. అనుమతి లేకుండా అక్కడ బాట తప్పి బండి దింపితే అది నేరం. అనుమతి అక్కర్లేని చోట కూడా ఆ మట్టి బాట ఎవరిదో చూసుకో. కొండరెడ్ల గూడేలకు అదే సంతకు వెళ్లే దారి, అదే ఆసుపత్రి దారి. వానాకాలంలో నువ్వు సరదాకి చక్రాలు తిప్పి చేసిన గోతుల్లోనే మర్నాడు వాళ్లు డోలీ మీద గర్భిణిని మోసుకుని నడవాలి. తడి బాట మీద గాడి పడుతోందంటే ఆ రోజుకి వెనక్కి వచ్చెయ్. పోడు చేను గట్టు తొక్కకు. గూడెం దగ్గర రెండో గేరు దాటకు, దిగి పలకరించు. ముందు వాగు ఎలా ఉందో, ఎక్కడ దిగబడుతుందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిందల్లా ఇది. లిఫ్టు కిట్టుకి అడ్వాన్సు కట్టకు. ఆ డబ్బుతో సీళ్లు, బేరింగులు, బుష్‌లు, హోసులు, నాలుగు మంచి టైర్లు తీసుకో. మిగిలింది ఒక ఏడాది పక్కన పెట్టు. ఈ వానాకాలం కొండలకు వద్దు. కార్తీకం వెళ్లాక, వాగులు తగ్గాక, నేనూ వస్తాను, కలిసి వెళ్దాం. ఏడాది నడిపాక కూడా ఇంకా ఏదైనా తగిలించాలనిపిస్తే అప్పుడు చెప్పు, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈలోపు ఎప్పుడు ఏ అనుమానం వచ్చినా, ఏ మేస్త్రీ ఏం చెప్పినా, బండి విప్పనిచ్చే ముందు నాకొక ఫోన్ చెయ్.